సారుకు చెప్తిని

పోయిన నెల, మన శాఖలో కొత్తగా చేరిన మీలో ఒకరు నాకు ఫోన్ చేశారు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైన అమ్మాయి. "సార్, మురుగునీటి కుంటల్లో నత్రజని ఎంత తగ్గుతుందో చెప్పే మీ మోడల్ మాన్యువల్‌లో ఉంది కదా, మా ఊరి కుంటలకు దాన్ని వాడొచ్చా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆ మోడల్ ఇంకా బతికే ఉందని తెలిసినందుకు. నేను రిటైరై ఆరేళ్ళైంది, నా మోకాళ్ళు అరిగిపోయాయి, నా మొహం ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఆ దిక్కుమాలిన లెక్క మాత్రం నిక్షేపంగా ఉంది.

"వాడొద్దమ్మా" అన్నాను.

"ఎందుకు సార్?" అంది.

ఫోన్లో తేలే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట చెప్పాలి. మాది తమిళనాడులో బోడినాయకనూరు పక్క పల్లె. మావాళ్ళు ఆ కొండల కిందికి ఎన్ని తరాల కిందట వచ్చారో మా తాతకే తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నాకు అరవై దాటినాకే వచ్చాయి. కోయంబత్తూరులో ఆదివారం పూట జరిగే క్లాసులో పదేళ్ళ పిల్లల వెనక బెంచీలో కూర్చుని నేర్చుకున్నాను. ఈ సంగతి తమిళంలో రాయడం నాకు సులువు. కాని దీన్ని తమిళంలో రాయడానికి మొహం చెల్లలేదు. నా తప్పులు దిద్దిపెట్టిన మిత్రులు వేరే ఉన్నారు. అక్షరాల తప్పుల మాటే అంటున్నాను.

ఊరి పేరు చెప్పను. మదురై నుంచి బస్సెక్కి, ఒట్టన్‌చత్రం వైపు పోయే కూరగాయల లారీల వెనక దుమ్ము మింగుతూ రెండున్నర గంటలు పోతే వస్తుందనుకోండి. ఊరి సాక్కడ నీళ్ళన్నీ, అంటే మురుగు నీళ్ళన్నీ, ఊరి బయట మూడు కుంటల్లోకి వస్తాయి. మొదటి దాంట్లో బరువైనదంతా కిందికి దిగుతుంది. రెండోది పచ్చగా ఉంటుంది. మూడోది ఇంకా పచ్చగా ఉంటుంది. అక్కడినుంచి కాలవ గుండా నీళ్ళు పెద్ద చెరువులోకి పోతాయి. ఆ చెరువులో చేపలు పెంచుతారు. మోటార్లు లేవు, కరెంటు లేదు. ఎండ, పాచి, కాలం. ఈ మూడే పని చేస్తాయి. మంచి ఏర్పాటు. ఇప్పటికీ అదే మాట అంటాను.

మురుగులో నత్రజని అమ్మోనియాగా వస్తుంది. అది ఎక్కువైతే చేపలు చస్తాయి. కుంటలు దాన్ని ఎంత తగ్గిస్తాయో, ఎన్నేళ్ళు తగ్గిస్తాయో కంప్యూటర్‌లో లెక్క కట్టి చూపించమని మా పై ఆఫీసరు నాకు పని అప్పగించాడు. ఆయన పెద్ద మనిషి, మాట తీపి, కోపం ఎక్కువ. లెక్క బాగా వస్తే ఖరీదైన యంత్రాలు కొననక్కరలేదని ఆయన ఆశ. లెక్క బాగా వస్తే ప్రమోషన్ వస్తుందని నా ఆశ.

ఆ కుంటల దగ్గర ఒకామె ఉండేది. ఆఫీసులో అందరూ "పాండ్ అమ్మ" అనేవాళ్ళు. గట్టు మీద కలుపు తీయడం, నీళ్ళ మీద తెట్టు గెంటడం, సీసాల్లో నీళ్ళు పట్టడం, రిజిస్టర్‌లో రాయడం ఆమె పని. రోజు కూలీ మీద పద్దెనిమిదేళ్ళుగా చేస్తోంది. గట్టు కిందనే రేకుల ఇల్లు. గోడకు శిలువ, శిలువ కింద టీవీ. పర్మనెంట్ చేయాల్సినవాళ్ళ జాబితాలో ఆమె పేరు ఎక్కింది, ఫైలు కదులుతోంది అని చెప్పుకునేది. ఆ ఫైలు మీదే ఆమె ప్రాణాలన్నీ ఉండేవి.

నేను చేరిన వారంలో గట్టు మీద నిలబడి మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాను. "అన్నం తింటివా? మాత్ర ఏసుకుంటివా?" అంటున్నాను. ఫోన్ పెట్టేసి తిరిగితే ఆమె చేతిలో గెంటు కర్ర అలాగే పట్టుకుని నన్నే చూస్తోంది. మొహం విచ్చుకుంది.

"ఏమి సారూ, మీరూ తెలుగోళ్ళేనా? ఒక్క మాటన్నా చెప్పలేదే! ఈడ ఆఫీసరుతో తెలుగు మాట్లాడి నేను ఎరగను."

నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు చెప్పగలను. తెలుగు మాకు వంటింటి మాట, అమ్మతో పేచీ పెట్టుకునే మాట, పెళ్ళి పందిట్లో మాట. ఆఫీసులో తమిళం, కాగితం మీద ఇంగ్లీషు. మురుగు కుంట దగ్గర తెట్టు గెంటే మనిషి నాతో ఇంటి మాట మాట్లాడితే, నన్ను ఆఫీసరు కుర్చీలోంచి దింపి పక్కన కూర్చోబెట్టుకున్నట్టు అనిపించింది. నేను తమిళంలోనే జవాబిచ్చాను. ఆమె తెలుగులో మాట్లాడుతుంది, నేను తమిళంలో బదులిస్తాను. ఆరేళ్ళకు పైగా అలాగే నడిచింది. ఆమె ఒక్కసారి కూడా మొహం ముడుచుకోలేదు.

అంతకుముందు పనిచేసినాయన రోజుకు రెండుసార్లు నీళ్ళు పట్టించేవాడు, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. నేను మదురైలో కాపురం ఉండేవాణ్ణి. నా బస్సు పదకొండుకు దించుతుంది. పొద్దున పట్టిన సీసాలు ఐసు పెట్టె లేకుండా అప్పటిదాకా ఉంటే పాడవుతాయి. కాబట్టి పొద్దుటి సీసాలు మాన్పించాను. మధ్యాహ్నం పన్నెండుకు, నా కళ్ళ ముందు, ఒక్కసారే. రూలు ప్రకారం నేను చేసింది సరైనదే. మీలో ఎవరైనా అదే చేసేవాళ్ళు. సగం తప్పులు రూలు ప్రకారమే జరుగుతాయి.

ఆ తప్పు ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను, ఓపిక పట్టండి. ఎండ ఉన్నంతసేపు పాచి నీళ్ళలోని బొగ్గుపులుసు గాలిని లాగేస్తుంది. నీళ్ళకు క్షారం ఎక్కుతుంది. క్షారం బాగా ఎక్కితే అమ్మోనియా గాలిగా మారి పైకి పోతుంది. రాత్రి అంతా తలకిందులు. తెల్లారేసరికి నీళ్ళు మళ్ళీ సాదాగా ఉంటాయి, అమ్మోనియా ఎక్కడికీ పోదు. నేను చూసింది మధ్యాహ్నం పన్నెండు గంటలప్పటి నీళ్ళు మాత్రమే. రోజంతా, ఏడాదంతా పన్నెండు గంటలే అన్నట్టు లెక్క కట్టాను. నా మోడల్‌లో నత్రజని అంతా గాల్లోకి ఎగిరిపోయింది.

ఇంకో సంగతి చూడండి, ఇది మరీ దారుణం. చివరి కుంటలోంచి బయటికి వచ్చే నీళ్ళలో అమ్మోనియా నా మోడల్ చెప్పినంతే ఉంది. అచ్చంగా అంతే. జవాబు సరిపోయింది కదా, దారి ఎవడికి కావాలి? నిజానికి నత్రజనిని పాచి తింటోంది, ఆ పాచి చచ్చి అడుగున చేరుతోంది. పోయిందని నేను రాసింది ఎక్కడికీ పోలేదు. అక్కడే, కాళ్ళ కింద, పేరుకుంటోంది.

ఆమెకు తెలుసు. రెండో నెలలోనే చెప్పింది. నేను కంప్యూటర్ తెచ్చుకుని గట్టు మీది గదిలో కూర్చుని ఉంటే తలుపు దగ్గరకు వచ్చింది.

"సారూ, మీరు ఆ డబ్బాలో ఏం లెక్క ఏస్తా ఉండారు?"

చెప్పాను, తమిళంలో. నత్రజని గాల్లోకి పోతోందని.

ఆమె నవ్వింది. "గాల్లో పోతే నా ముక్కుకు తెలీదా సారూ? రాత్రీ పగలూ ఈడనే కదా పడుండేది. గట్టిగా అడుసు కలబెడితే ముక్కు పగిలిపోతాది. పైకి కాదు సారూ పోయేది, కిందికి. మీరు మద్దేనం వస్తారు, మద్దేనం కాయితం నీలం తిరగతాది. పొద్దున్నే ముంచి చూడండి, ఆకు రంగే."

కాగితం అంటే నీళ్ళలో ముంచితే రంగు మారే పట్టీలు. క్షారం ఎంతుందో ఆ రంగు చెబుతుంది. నేను వాడగా మిగిలిన ముక్కలు ఆమె దాచుకునేది. తెల్లారి ఒకటి, మధ్యాహ్నం ఒకటి తనంతట తానే ముంచి చూసేది.

"సరి, పాక్కలాం" అన్నాను. సరే, చూద్దాంలే, అని.

ఆమె ఒక పాత తెల్ల వేష్టి అడిగింది, అంటే పంచె. నేను మా అమ్మకు ఫోన్లో చెబితే మా నాయన వేష్టి ఒకటి పంపింది. "మన మాట మాట్లాడే ఆడమనిషి అడిగితే ఇయ్యకుండా ఎట్లరా?" అంది. ఆమె దాన్ని చీల్చి పొడవాటి వెదురుకు చుట్టింది. ఆ వెదురును తెప్ప మీంచి కుంట నడుమ నిటారుగా దింపుతుంది, అడుగు తగిలాక మెల్లగా పైకి తీస్తుంది. గుడ్డ మీద నల్లగా ఎంతవరకు అంటితే అంత అడుసు. జానలు వేసి కొలుస్తుంది, మిగిలితే బెత్తెళ్ళు వేస్తుంది. బొటనవేలు కొస నుంచి చిటికెన వేలు కొసకు ఒక జాన, నాలుగు వేళ్ళ వెడల్పు ఒక బెత్తెడు. పెద్ద దేశాల్లో ఇంజనీర్లు కూడా ఇలాగే తెల్ల గుడ్డతో కొలుస్తారని నేను చాలా ఏళ్ళ తరువాత చదివాను. ఆమెకు ఎవరు చెప్పారో అడగలేదు.

ఆమె చెప్పింది నేను విన్నాను. అబద్ధం చెప్పను, చెవులారా విన్నాను. కాని రాసుకోలేదు. ఎందుకు రాయలేదని అడుగుతారు. దాన్ని దాచాలని కాదు, అప్పటికి దాచడానికి ఏమీ లేదు కూడా. తెలుగులో చెప్పిన మాట ఆఫీసు మాటని నాకు తోచనే లేదు. అదే మాట ఎవడో లుంగీ మేస్త్రి తమిళంలో అని ఉంటే డైరీలో ఎక్కించి ఉండేవాణ్ణి. తెలుగులో వినేసరికి మా అత్త నోరారా చెప్పే ఊరి కబురులా చెవిలోంచి జారిపోయింది. ఈ రకం చెవుడు మా బోటివాళ్ళకే వస్తుంది.

రిపోర్టులో ఒక వాక్యం రాశాను. నత్రజని అడుగున చేరడం స్వల్పం, కాబట్టి పూడిక తీయనక్కరలేదు. మా పై ఆఫీసరు ఆ వాక్యం చదివి నా భుజం తట్టాడు. పూడిక తీయడమంటే టెండర్లు, తగాదాలు, కంపు, ఊరివాళ్ళ అరుపులు. ఆ పీడంతా ఒక్క వాక్యంతో వదిలింది. కోయంబత్తూరులో పెద్ద హోటల్లో సమావేశం పెట్టి నన్ను మాట్లాడించారు. చప్పట్లు కొట్టారు. ఒక జ్ఞాపిక ఇచ్చారు. అది ఇప్పుడు మా వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పడి ఉంది. దానివల్ల జరిగిన మంచి పని అదొక్కటే. నా మోడల్ మాన్యువల్‌లోకి ఎక్కింది. ఇంకా పదకొండు ఊళ్ళలో అది చూసి పూడిక తీయడం మానేశారు. నాకు ప్రమోషన్ వచ్చింది, కోయంబత్తూరు ఆఫీసుకు మారాను.

ఆ కుంటలు మాత్రం నా కిందనే ఉన్నాయి. నెలకొకసారి పోయి చూసి సంతకం పెట్టి వచ్చేవాణ్ణి. పోయిన ప్రతిసారీ ఆమె గట్టు చివరిదాకా ఎదురొచ్చేది.

"సారూ, మొదటి దాంట్లో అడుసు నాలుగు జానలు ఎక్కె."

"సరి, పాక్కలాం."

"సారూ, రెండో దాంట్లో గూడా మూడు జానలయ్యె. నీళ్ళు నిలిచేదానికి ఎడం లేదు."

"సరి, పాక్కలాం."

"పాక్కలాం పాక్కలాం అంటా ఉంటే ఎప్పుడు సారూ చూసేది? నా పర్మనెంటు ఫైలు మాదిరే ఉండాదే ఇదీ!" అని నవ్వేది.

నేనూ నవ్వాను. ఆ ఫైలు గురించి పై ఆఫీసరుకు ఒక మాట చెబుతానని కూడా అన్నాను. చెప్పలేదు.

ఆరేళ్ళు గడిచాయి. ఆ ఏడు వేసవి మొదట్లో వారం రోజులు గాలి కదల్లేదు, ఒళ్ళు ఉడికిపోయే ఎండ. ఆ తరువాత ఒక సాయంత్రం ఉన్నట్టుండి వడగళ్ళ వాన కొట్టింది. చల్లటి నీళ్ళు కిందికి దిగేసరికి, కింద పులిసి ఉన్నదంతా పైకి లేచింది. మూడో కుంట ఒక్క రోజులో పచ్చ నుంచి బూడిద రంగుకు తిరిగింది. పాచి చచ్చింది. ఆరేళ్ళుగా పోయిందని నేను రాసిన అమ్మోనియా వెనక్కి వచ్చి కాలవలో పడింది. మూడో రోజుకు చెరువు నిండా చేపలు తెల్లగా తేలాయి. ఊరివాళ్ళు చేపల్ని గంపలకెత్తి తెచ్చి ఆఫీసు వాకిట్లో కుమ్మరించారు. టీవీవాళ్ళు వచ్చారు.

విచారణ వేశారు. ఊళ్ళో పాత తనిఖీ బంగళాలో, ముగ్గురు కూర్చున్నారు. అధ్యక్షుడు వేరే జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు, నిదానస్థుడు. ముందు రోజు మా పై ఆఫీసరు నన్ను పిలిచాడు. ఈ మాటలన్నీ తమిళంలో జరిగినవే, నేను తెలుగు చేసి రాస్తున్నాను.

"అడిగిందానికే జవాబు చెప్పు. మోడల్ తప్పు అన్నావంటే పదకొండు ఊళ్ళలో కుంటలు తవ్వాలి. ముందు నిన్ను తవ్వుతారు, తరువాత నన్ను" అన్నాడు.

విచారణలో వాళ్ళ వాదన ఏమిటో వినండి. నవ్వొస్తుంది. మోడల్ ప్రకారం కుంట చెడకూడదు. రిజిస్టర్ ప్రకారం ముందు రోజుదాకా నీళ్ళు బాగున్నాయి. కాని చేపలు చచ్చాయి. కాబట్టి రిజిస్టర్ అబద్ధం. పాండ్ అమ్మ నీళ్ళు పట్టకుండానే పట్టినట్టు అంకెలు వేసింది. మోడల్ తప్పేమో అన్న మాట ముగ్గురిలో ఒక్కరి నోటా రాలేదు. అది ఇంగ్లీషులో అచ్చయింది కదా.

ఆమెను పిలిచారు. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది, జుట్టుకు నూనె పెట్టుకుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి. నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నట్టు కొంచెం తల ఊపింది. సంచిలోంచి అట్ట చిరిగిన లావుపాటి నోటు పుస్తకం తీసి అధ్యక్షుడి ముందు పెట్టింది.

"రోజూ చూసినాను అయ్యా. తెల్లారీ చూసినాను, మధ్యాహ్నమూ చూసినాను. అన్నీ ఇందులో రాసి పెట్టినాను" అంది తమిళంలో.

అధ్యక్షుడు తెరిచాడు. అక్షరాలు తమిళం. బడిలో ఆమె నేర్చింది ఆ అక్షరాలే. ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరమూ సరిగ్గానే పలుకుతున్నాడు. కాని ఒక్క ముక్కా ఆయనకు అర్థం కాదు. పక్కనున్న ఇద్దరూ ముసిముసిగా నవ్వారు.

నాకు అర్థమవుతోంది. ఆ పరాయి నోట్లోంచి తడబడుతూ మా ఇంటి మాట వస్తోంది. తెల్లారి ఆకు రంగు. మద్దేనం నీలం. అడుసు ఐదు జానలు, బెత్తెడు. సారుకు చెప్తిని.

ఆయన పేజీ తిప్పాడు. అడుసు ఐదు జానలు, రెండు బెత్తెళ్ళు. సారుకు చెప్తిని.

"ఇదేం భాష? మధ్య మధ్య సార్ అని ఉందే, ఏ సారు?" అన్నాడు.

"తెలుగు అయ్యా. మేము ఇంట్లో మాట్లాడేది. అడుసు ఇంత ఎక్కిందని, సారుకు చెప్పినానని రాసినాను" అంది.

"రాసింది నువ్వు, అర్థం చెప్పేదీ నువ్వేనా? ఇంకొకరు చదివి చెప్పాలి కదమ్మా" అన్నాడాయన. తప్పుగా అనలేదు, న్యాయంగానే అన్నాడు. ఆ తరువాత నావైపు తిరిగాడు. "మీది తెలుగు ఇల్లే అని ఎవరో అన్నారు. మీకు వచ్చా?"

ఆమె నావైపు చూసింది. భయంగా చూడలేదు. ఇక గండం గడిచింది, మన సారు ఉన్నాడు కదా అన్నట్టు చూసింది.

నేను లేచి నిలబడ్డాను. మా పై ఆఫీసరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మా తాతల కాలం మాట సార్ అది. ఎనక్కు తెలుంగు తెరియాదు" అన్నాను.

నాకు తెలుగు రాదు, అని. ఆ పొద్దున్నే మా అమ్మకు ఫోన్ చేసి అన్నం తింటివా అని అడిగిన నోటితోనే ఆ మాట అన్నాను. భయంతో అన్నాను. దానికి వేరే పేరు పెట్టను. పిల్లల చదువులు, ఇంటి లోను అని ఎన్నేళ్ళో నాకు నేను చెప్పుకున్నాను, అవన్నీ తరువాత అతికించుకున్నవి. ఆ నిమిషంలో నాకు నా కుర్చీ తప్ప ఇంకేమీ కనబడలేదు.

అధ్యక్షుడు పుస్తకం మూసేశాడు. ఆమె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. మెల్లగా చేతులు జోడించి, "సరింగ సార్" అంది. సరేనండి అని. నాతో ఆమె తమిళంలో మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ నెలాఖరుకు ఆమెను పనిలోంచి తీసేశారు. రికార్డులు కల్పించిందని రాశారు. పర్మనెంట్ జాబితాలో ఆమె పేరు మీద ఎర్ర గీత పడింది. రేకుల ఇల్లు ఖాళీ చేయించారు. పద్దెనిమిదేళ్ళ మీద నా ఆరేళ్ళు కలిపితే ఇరవై నాలుగేళ్ళు చేసింది ఆమె అక్కడ. నాకు మెమో కూడా రాలేదు.

కొన్ని వారాల తరువాత మా పల్లెకు పోయినప్పుడు మా అమ్మ, "ఆ వేష్టి అడిగినామె బాగుండాదా?" అని అడిగింది. ఏమనుకున్నానో, జరిగిందంతా చెప్పేశాను. అమ్మ కేకలేయలేదు. వక్క నమలడం ఆపి నన్నే చూసింది.

"నీకు తెలుగు రాదా?" అంది. "మరి నేను ఇన్నేండ్లూ నీతో ఏం మాట్లాడతా ఉండానురా?"

ఆ రాత్రి అన్నం పెట్టింది కాని ఒక్క మాట మాట్లాడలేదు. కన్నుమూసేంతవరకు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నేను రిటైరయ్యే ముందు పాత ఫైళ్ళు చింపేయమని ఆర్డరు వచ్చింది. విచారణ ఫైలుకు దారంతో కట్టి ఆ నోటు పుస్తకం కనబడింది. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. దొంగతనమే. నా సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క దొంగతనం అని చెప్పాలని ఉంది, కాని మీరు నమ్మరు.

ఇంట్లో కూర్చుని ఆమె రాసిన అంకెలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించాను. తెల్లారి రంగు, మధ్యాహ్నం రంగు, జానలు, బెత్తెళ్ళు. గాల్లోకి పోయే దారి దాదాపు మూసేసి, అడుగుకు పోయే దారి తెరిచాను. అడుగు నిండితే తిరిగి పైకి వచ్చే దారి కూడా పెట్టాను. నడిపి చూస్తే, చేపలు చచ్చిన ఆ వేసవి దగ్గరే గీత నిలువునా లేచింది. నా చదువుతో, నా డబ్బాతో నాకు కనబడనిది, వెదురు కర్రతో, చిరిగిన పంచెతో ఆమె ముందే పట్టుకుంది. ఆఫీసుకు ఉత్తరం రాశాను, మోడల్ తప్పు, మాన్యువల్‌లోంచి తీసేయండి, ఆమె మీద వేసిన నింద కూడా తీసేయండి అని. ఆ విషయం ముగిసినదిగా భావించడమైనది అని జవాబు వచ్చింది. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఆ వాక్యం ఎన్ని ఉత్తరాల కింద రాశానో లెక్కలేదు.

కాబట్టి అమ్మాయీ, నీ ఊరి కుంటలకు ఆ మోడల్ వాడకు. తెల్లారకముందే పోయి నీళ్ళు చూడు. అడుగు కొలువు. అక్కడ తెట్టు గెంటే మనిషి ఏదైనా చెబితే, ఏ భాషలో చెప్పినా, నిలబడి రాసుకో.

ఆమె కోసం వెతికాను. ఆలస్యంగా వెతికాను, కాని వెతికాను. కోయంబత్తూరు గాంధీపురం బస్టాండ్ వెనక లాడ్జీలో పని చేస్తోందని, ఆ కుంటల పక్క ఊళ్ళో ఆమె బంధువు ఒకాయన చెప్పాడు. అంటే నేను కాపురముండే ఊళ్ళోనే, నేను బస్సు దిగే చోటనే, ఇన్నేళ్ళూ ఉంది. పోయిన ఏడు ఒక మధ్యాహ్నం పోయాను. మేనేజరు డాబా మీద ఉందన్నాడు. నాలుగు అంతస్తులు ఎక్కాను.

డాబా నిండా తీగలకు తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఆమె ఆరినవి తీసి మడత పెడుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టిందని నాకు తెలిసింది, ఎందుకంటే చేతిలో దుప్పటి ఒక్క క్షణం ఆగింది.

"బాగుండావా అక్కా?" అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి తెలుగు మాట అది. అక్కా అనడమూ మొదటిసారే.

"ఎన్న సార్ వేణుం? రూమా?" అంది. ఏం కావాలి సార్, గదా, అని.

నోటు పుస్తకం తీశాను. తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఆ రోజు బంగళాలో చదవాల్సింది, ఆ డాబా మీద, వినేవాళ్ళు ఎవరూ లేని చోట చదివాను. తెల్లారి ఆకు రంగు. మద్దేనం నీలం. అడుసు ఐదు జానలు, బెత్తెడు. సారుకు చెప్తిని. ఆ మాట ఆ పుస్తకంలో అరవై మూడు చోట్ల ఉంది. రెండు పేజీలు చదివి ఆపాను.

"తప్పు నాదే అక్కా. నాకు తెలుసు, అప్పుడూ తెలుసు" అన్నాను.

ఆమె దుప్పటి మడత పూర్తి చేసి దొంతర మీద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసింది, ఆఫీసరుకు ఫైలు ఇచ్చినట్టు రెండు చేతులతో మర్యాదగా తిరిగి నాకే ఇచ్చింది.

"ఎనక్కు తెలుంగు తెరియాదుంగ సార్" అంది.

కోపం లేదు ఆ గొంతులో. మళ్ళీ తీగ దగ్గరకు పోయి ఇంకో దుప్పటి లాగింది. నేను పుస్తకం సంచిలో పెట్టుకుని మెట్లు దిగాను.

ఒక అంతస్తు దిగేసరికి పైన ఆమె ఎవరినో పిలవడం వినబడింది. "ఒసే, ఆ కొసన దుప్పటి ఇంకా తడి ఆరలేదే. మళ్ళ ఎండలో ఎయ్యి. ఇంత చెప్తినే, చెవిలో పడలేదా నీకు?"

నేను మెట్ల మీదే నిలబడిపోయాను. ప్రతి మాటా నాకు అర్థమైంది.